బైపాస్ ఫిల్టర్ బిగించబోతున్న మా అమ్మాయికి

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నీ డీజిల్ పికప్‌కి బైపాస్ ఆయిల్ ఫిల్టర్ నువ్వే బిగించుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. డిప్‌స్టిక్ ఎక్కడుందో తెలియని మనిషి, ఇంజన్ తనే తయారుచేసినంత గొప్పగా చెప్పాడు. నాకూ సంతోషమే. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. మధ్యలో తిడితే ఏమనుకోకు, పూర్తిగా చదువు.

ఎందుకు పెడుతున్నావో నీకు తెలుసు. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ గుండా ఆయిలంతా పరుగెత్తాలి కాబట్టి అది మరీ సన్నగా వడకట్టలేదు. ఇరవై ముప్పై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న నలుసులు చాలావరకు దాటిపోతాయి. బేరింగు దగ్గర ఆయిల్ పొర మందం కూడా మైక్రాన్లలోనే ఉంటుంది, అరగదీసేది ఆ నలుసులే. బైపాస్ ఫిల్టర్ పంపు తోసే ఆయిల్‌లో ఏ పదో వంతో, అంతకన్నా తక్కువో తీసుకుని, తీరిగ్గా వడకట్టి, మళ్లీ సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి, వదులుతుంది. ఆయిల్ ముందు బేరింగులు తిన్నాకే ఫిల్టర్‌కి పెట్టాలి. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతాదంతా నీకే తోస్తుంది.

బ్రాకెట్‌కి గట్టి చోటు చూసుకో. బోల్టులకి లాక్ వాషర్లు వెయ్యి. ఫిల్టర్ విప్పడానికి చెయ్యి దూరే సందు ఉంచుకో. వీటి గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. కిట్‌లో చిన్న ఇత్తడి ముక్క ఒకటి వస్తుంది, నడుమ ఒకటిన్నర మిల్లీమీటర్లకి అటూ ఇటూగా కన్నం ఉంటుంది. కొన్నిట్లో ఫిల్టర్ తలలోనే ఉంటుంది. రెస్ట్రిక్టర్ అంటారు, ఫిల్టర్‌లోకి పోయే ఆయిల్‌ని అదుపులో పెట్టేది అదే. దాని జోలికి ఎవరు వచ్చినా చెయ్యి పట్టుకుని ఆపు.

నేను షెడ్డులో పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక లారీకి మా మేస్త్రి ఇలాంటి ఫిల్టరే బిగించాడు. చేయి తిరిగిన పనివాడే, కానీ తొందర మనిషి. ఫిల్టర్‌కి ఆయిల్ తెచ్చే ఫీడ్ లైన్ నిప్పిల్‌కి టెఫ్లాన్ టేపు దండిగా చుట్టి బిగించాడు. కొన్నాళ్లకి డ్రైవరు వచ్చి, ఇంజన్ కాగిపోతున్నా ఫిల్టర్ డబ్బా చల్లగానే ఉంటోందన్నాడు. డబ్బా వేడెక్కలేదంటే దాని గుండా ఆయిల్ పారడం లేదని అర్థం. మేస్త్రి ఆ ఇత్తడి ముక్క విప్పి వెలుతురుకి పట్టాడు. కన్నంలో తెల్లటి టేపు పీలిక ఇరుక్కుని ఉంది. దాన్ని పిన్నుతో లాగేసి, మరకి లిక్విడ్ సీలెంట్ రాసి బిగిస్తే అయిపోయేది. ఆయన మాత్రం "ఇంత సన్న కన్నం పెడితే ఇలాగే అడ్డుపడుతుంది" అంటూ ముక్కని పక్కన పారేసి, లైన్ నేరుగా కలిపేశాడు. డబ్బా వెంటనే వేడెక్కింది, డ్రైవరు సంబరపడ్డాడు.

కన్నం అడ్డం రెండింతలైతే పారే ఆయిల్ సుమారు నాలుగింతలవుతుంది. ఇక అసలు అడ్డే లేకపోతే? బండి పరుగులో ఉన్నంతసేపూ పంపు ఎలాగో నెట్టుకొచ్చింది. ఎండలో, ట్రాఫిక్‌లో, కాగిన ఇంజన్ స్లోలో తిరుగుతున్నప్పుడు అసలే పంపు తోసేది తక్కువ, ఆయిల్ నీళ్లలా పలచబడి ఉంటుంది. అందులోనూ దారి సులువుగా ఉన్న వైపు నుంచి సంప్‌లోకి జారిపోయింది. ప్రెషర్ లైటు మినుకుమినుకుమంటే సెండర్ (ప్రెషర్ కనిపెట్టే సెన్సర్) పాడైందనుకున్నాడు డ్రైవరు. లోడుతో ఘాట్ ఎక్కుతుంటే కింద నుంచి టకటకా చప్పుడు మొదలైంది. సంప్ దించినప్పుడు లైటు పట్టుకున్నది నేనే. అడుగున ఆయిల్‌లో రాగి రంగు పొట్టు మెరుస్తోంది. ఒక కనెక్టింగ్ రాడ్ బేరింగు పై పూత మొత్తం పోయి, ఆ బేరింగు రేకే (షెల్) తన చోట్లోంచి తిరిగిపోయింది. ఇంజన్‌ని కాపాడాలని పెట్టిన వస్తువే దాన్ని తినేసింది.

అందుకే ఈ చాదస్తం. ఎవరో ఒకరు నీకూ చెబుతారు, "ధార సన్నగా వస్తోంది, కన్నం కాస్త పెద్దది చెయ్" అని. వినకు. నిమిషానికి ఒక్క లీటరు పారినా, పది లీటర్ల సంప్ ఉన్న ఇంజన్‌లో గంటకి ఆరు సంప్‌లంత ఆయిల్ ఫిల్టర్ దాటుతుంది. అంతకంటే తొందర దేనికి?

పని మొదలుపెట్టకముందే ఇంజన్ బాగా కాగాక స్లోలో ప్రెషర్ ఎంతుందో రాసిపెట్టుకో. డాష్‌బోర్డు లైటుని నమ్మకు, మెకానికల్ గేజ్ పెట్టి చూడు. బిగించాక అదే వేడిలో మళ్లీ చూడు. ముల్లు కొట్టొచ్చినట్టు కిందికి దిగిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే. బండి తియ్యకు.

ఫీడ్ కోసం సెండర్ దగ్గర టీ (మూడు దారుల జాయింటు) వేస్తావు కదా, మర చూసుకో. 1/8 అంగుళం సైజులో ఎన్‌పీటీకి (అమెరికా మర) అంగుళానికి 27 మరలు, అదే సైజు బీఎస్‌పీకి (బ్రిటిష్ మర) 28. రెండు చుట్లు చక్కగా ఎక్కి తర్వాత పట్టేస్తాయి. అప్పుడు పానాతో బలం చూపించావో, బ్లాక్‌లో మరలు పోతాయి. బరువైన సెండర్‌ని ఇత్తడి టీకి వేలాడదీయకు, అదురుకి మెడ విరుగుతుంది.

హోస్ పైపులు ఆయిల్ వేడికీ ప్రెషర్‌కీ తగ్గ హైడ్రాలిక్‌వే కొను. ఇంజన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి కాస్త వదులు ఉంచు. టర్బో దరిదాపుల్లోకి రానివ్వకు తల్లీ. సన్నటి చిల్లు పడి అక్కడ ఆయిల్ చిమ్మిందంటే మంటే. నువ్వొక్కదానివే రాత్రిపూట బండి నడుపుతావని తెలిసి ఈ మాట రెండుసార్లు రాశాను, ఒకటి కొట్టేశాను. బండిలో మంటలార్పే సిలిండర్ ఉందా?

ఫిల్టర్, పైపులు కలిసి లీటరు దాకా ఆయిల్ తాగొచ్చు. మొదటిసారి స్టార్ట్ చేసి, ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూసి నింపు.

ఇక ఆయిల్ మార్చే పనే ఉండదని మీ నాన్నతో అన్నావట. ఎవరు చెప్పారు? ఫిల్టర్ మసినీ నలుసునీ పడుతుంది గానీ కలిసిపోయిన డీజిల్‌ని తీయలేదు, అరిగిపోయిన అడిటివ్‌లని (ఆయిల్‌లో కలిపే మందులని) తిరిగి తేలేదు. మార్చే గడువు పెంచాలంటే ఆయిల్ ల్యాబ్ రిపోర్టు చూసే పెంచు. రంగు చూసి మోసపోకు, డీజిల్ ఆయిల్ నల్లగానే ఉంటుంది. బండి వారంటీలో ఉంటే కంపెనీ వాళ్లని ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకో.

ల్యాబ్‌కి పంపడానికి ఫిల్టర్ పెట్టకముందే ఒక ఆయిల్ శాంపిల్ తీయి, ఇంజన్ వేడి మీద ఉండగానే. పెట్టి కొంత తిరిగాక ఇంకొకటి తీయి. రెండు రిపోర్టులూ ఫొటో తీసి పంపు, అరుగుదల చెప్పే ఇనుము, దుమ్ము చెప్పే సిలికాన్ అంకెలు నేనూ చూస్తాను. వాటితో పాటు ఆ టర్బో పక్కన పైపు ఎలా పోతోందో అదీ ఒక ఫొటో.

పెదనాన్న