నాలుగు రంగుల స్వీయచిత్రంలో ముఖం సుద్దలా వస్తే

ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్, ఐవరీ బ్లాక్, టైటానియం వైట్ అనే నాలుగు తైలవర్ణాలతోనే మీ చిత్రం వేసుకుంటున్నారనీ, చామనఛాయ ముఖం వెలుగులో సుద్ద పూసినట్టు, నీడలో బొగ్గు రాసినట్టు వస్తున్నదనీ, నీలం లేకపోవడమే కారణమా అనీ అడిగారు. నీలం కొనవలసిన అవసరం లేదు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ 1896లో వేసుకున్న స్వీయచిత్రంలో ఆయన చేతిలోని ప్యాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద కనిపించేవి ఇంచుమించు ఇవే రంగులు. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే వచ్చే బూడిద రంగు, పక్కన ఎరుపు, పసుపు లాంటి వెచ్చని రంగు ఉన్నప్పుడు నీలంగానే తోస్తుంది.

చిక్కంతా తెలుపు దగ్గర ఉంది. టైటానియం తెలుపు రంగును లేతగా చేయడమే కాక చల్లబరుస్తుంది, అంటే నీలి ఛాయ వైపు లాగుతుంది. కాబట్టి ముందు ఆకర్, ఎరుపు కలిపి, రంగులు కలిపే నైఫ్ మొనతో కాస్త నలుపు చేర్చి నడిమి ఛాయను సిద్ధం చేసుకోండి. అక్కడి నుంచి వెలుగు వైపు వెళ్లేటప్పుడు మొదట ఆకర్ పెంచి, తర్వాతే తెలుపు వేస్తూ, వేసిన ప్రతిసారీ రవ్వంత ఎరుపు కలపండి. నీడకు ఒట్టి నలుపు వద్దు, ఎరుపు కలిసిన ముదురు గోధుమ రంగును పలచగా పరచండి. ముక్కు కొన మీది మెరుపు మాత్రం చల్లగానే ఉంటుంది కనుక అక్కడ బూడిద కలిసిన తెలుపు ఒప్పుతుంది.

వెనుక గోడకు నలుపు, ఆకర్ కలిసిన పాచిరంగు వేస్తే ముఖంలోని ఎరుపు తానే పైకి తేలుతుంది. మీరు వేసుకున్న ముదురు ఊదా చొక్కా మాత్రం ఈ నాలుగింటితో సాధ్యం కాదు. దాన్ని మార్చుకొని కూర్చోవడమే మేలు.