టెక్ సందేహాలు: తెలుగు మెసేజ్‌లు వేలికి అందాలంటే

ప్రశ్న: మా అన్నయ్యకు చూపు, వినికిడి రెండూ లేవు. తెలుగు బ్రెయిలీ చక్కగా చదువుతాడు. ఐఫోన్‌కు 20 గళ్ల బ్రెయిలీ డిస్‌ప్లే (ఒక్కో గడిలో చుక్కలు పైకి లేస్తే వేలితో తడిమి చదువుకునే పరికరం) కలిపాం. తెలుగు మెసేజ్ వస్తే అర్థంలేని చుక్కలు లేస్తున్నాయి. తను ‘ఆ’ కొడితే తెర మీద ‘ఏఆర్’ అనే ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. డిస్‌ప్లే పాడైందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పాడవలేదండీ. ఫోన్ ఇంకా ఇంగ్లీషు బ్రెయిలీలోనే ఉంది. ఆరు చుక్కలతో వచ్చే ఆకారాలు 63. అన్ని భాషలూ వాటినే వాడుకుంటాయి. 3, 4, 5 చుక్కలు కలిసి లేస్తే భారతి బ్రెయిలీలో (తెలుగుతో సహా మన దేశ భాషలు వాడే బ్రెయిలీ) ‘ఆ’, ఇంగ్లీషు కుదింపు బ్రెయిలీలో (కొన్ని అక్షరాల జంటలను ఒక్క గడిలో రాసే పద్ధతి) ‘ఏఆర్’. ఏ చుక్కలు ఏ అక్షరమో ఫోన్‌కు చెప్పేది బ్రెయిలీ టేబుల్.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, వాయిస్‌ఓవర్ (తెర మీది మాటల్ని పైకి చదివే సదుపాయం), బ్రెయిలీ వరుసగా తెరిచి, బ్రెయిలీ టేబుల్స్‌లో తెలుగును చేర్చి ఎంచుకోండి. చదవడానికీ టైపు చేయడానికీ అదే ఉందో లేదో చూడండి. తర్వాత ‘అమ్మ’ అని కొట్టించండి: మొదటి గడిలో 1, రెండో గడిలో 4, మూడో గడిలో 1-3-4 కలిపి, నాలుగో గడిలో మళ్లీ 1-3-4 కలిపి. మొత్తం నాలుగు గళ్లు. పొల్లు గుర్తయిన 4వ చుక్క హల్లుకు ముందే రావాలి. తర్వాత కొడితే ఒత్తు పడదు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట, ఇది సెట్టింగుల కన్నా ముఖ్యం. ‘ఎలా ఉన్నావ్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పంపకండి. తెలుగు బ్రెయిలీ ఒక్కటే వచ్చిన మనిషికి అది చదువుకు అందదు. ఎమోజీలూ తగ్గించండి. ఒక్కో బొమ్మ పేరు మాటల్లో లేచి, ఉన్న 20 గళ్లలో సగం తినేస్తుంది. చిన్న చిన్న వాక్యాలు పంపితే గళ్లు ముందుకు జరిపే మీట మాటిమాటికీ నొక్కే పని తప్పుతుంది.

మెసేజ్‌లు పైకి వినిపించకుండా మూడు వేళ్లతో తెరను రెండుసార్లు తట్టండి. మాట ఆగుతుంది, చుక్కలు ఆగవు. జూమ్ (తెరను పెద్దది చేసి చూపే సదుపాయం) ఆన్‌లో ఉంటే మూడుసార్లు తట్టాలి.

మళ్లీ జత చేయాల్సి వస్తే మామూలు బ్లూటూత్ పేజీలో కాకుండా, వాయిస్‌ఓవర్‌లోని బ్రెయిలీ పేజీలోనే చేయండి. డిస్‌ప్లే అంతకుముందు వేరే ఫోన్‌తో కలిసి ఉంటే దానికే అతుక్కుపోవచ్చు; ఆ ఫోన్‌లో ‘ఫర్‌గెట్’ నొక్కండి.

చదివే ముందు చేతులు కడిగి, పూర్తిగా ఆరనివ్వమనండి. అన్నం తిన్న చేతి జిడ్డు, తడి చేరితే చుక్కలుగా లేచే సూదులు బిగుసుకుంటాయి. ఒక్క చుక్క లేవకపోయినా అక్షరమే మారిపోతుంది.