మలావీ వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి వ్రాయునది.

ఆఫ్రికాలోని మలావీలో ఒక పల్లె ఆసుపత్రికి మిషనరీ నర్సుగా వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు ప్రభువుకు స్తోత్రం చెల్లించాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ దేశంలో ఆరేళ్ళు సేవ చేసి వచ్చినవాణ్ణి గనుక, సంతోషించడానికీ భయపడడానికీ కూడా కారణాలు నాకు తెలుసు.

పాస్‌పోర్టు, టీకాల సంగతి నీవే చూసుకోగలవు. మలావీ సరస్సు నీటిలో దిగవద్దు, అక్కడి నత్తల వల్ల బిల్హార్జియా అనే పరాన్నజీవి జబ్బు వస్తుంది. తిండికి బెంగ లేదు. వారి న్సీమా మన సంకటి వంటిదే, మొక్కజొన్న పిండితో తెల్లగా వండుతారు, చేత్తోనే తింటారు.

మలేరియా గురించి నర్సువైన నీకు నేను చెప్పడం ఎందుకని అనుకోవద్దు. 1875లో స్కాట్లాండు మిషనరీలు ఆ సరస్సు దక్షిణ తీరాన కేప్ మాక్లియర్‌లో లివింగ్‌స్టోనియా మిషన్ స్థాపించారు. జ్వరాలతో మరణాలు ఆగకపోవడంతో 1881లో దానిని బండావేకు, 1894లో ఎత్తైన ఖొండోవేకు తరలించారు. ఆ తీరాన ఉన్న సమాధుల ముందు నేను నిలబడ్డాను. నీవేమో ఒళ్ళు కాలిపోతున్నా పదో తరగతి పరీక్ష వ్రాసి వచ్చిన మొండిదానివి. అక్కడ ఆ మొండితనం పనికిరాదు. ఒళ్ళు వెచ్చబడిన రోజే రక్తపరీక్ష చేయించుకో తల్లీ, రేపటికి వాయిదా వేయవద్దు.

ఇక నా తప్పు చెప్పాలి. నేను వెళ్ళిన మొదటి ఏడాది ఫిబ్రవరిలో, పాత మొక్కజొన్న అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని ఆకలి రోజుల్లో, మా పక్కింటివారి పసిబిడ్డ జ్వరంతో చనిపోయింది. నేను వెళ్ళి, దుబాసీ సాయంతో పది నిమిషాలు ప్రార్థన చేసి, తండ్రి చేతిలో కొంత డబ్బు పెట్టి, ఆదివారం ప్రసంగం సిద్ధం చేసుకోవాలని తిరిగి వచ్చేశాను. అక్కడ చావింట ఆడవారు లోపల శవం దగ్గర, మగవారు బయట నెగడు చుట్టూ రాత్రంతా కూర్చుంటారు; మాటలు తక్కువ, ఆ కూర్చోవడమే పరామర్శ. ఆ ఆదివారం మందిరానికి చాలామంది రాలేదు. కారణం తెలియక వారిమీదే కోపం తెచ్చుకున్నాను. చివరికి మాకు నీళ్ళు మోసే పెద్దావిడ, “నువ్వు ప్రార్థన చేశావు గాని, మాతో కూర్చోలేదు” అంది.

పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకు పిలవకపోయినా వెళ్ళాలి అని మీ అమ్మమ్మ నోట వింటూ పెరిగినవాణ్ణి. అంత దూరం వెళ్ళి, ఇంట్లో నేర్చినదే మరిచిపోయాను. మర్నాడు ఆ ఇంటికి వెళ్ళి మధ్యాహ్నమంతా నేలమీద కూర్చున్నాను. ఆ తల్లి నావైపు చూడలేదు, వెళ్ళిపొమ్మని కూడా అనలేదు. అప్పటి నుంచి ప్రసంగాల మాట పక్కనపెట్టి, అక్కడివారి భాష చిచెవా నేర్చుకోవడం మొదలుపెట్టాను. నీవు ఆసుపత్రిలో డ్యూటీ మొదలుకాకముందే నేర్చుకో. నొప్పి ఎక్కడో చెప్పడానికి రోగికి దుబాసీ అవసరం రాకూడదు.

నీ ఆసుపత్రికి నేనున్న ఊరు దగ్గరే. మందిరం దాటాక రెండో మామిడి చెట్టు పక్కన ఆ బిడ్డ తల్లిదండ్రుల ఇల్లు ఉండేది. ఎప్పుడైనా సెలవు దొరికితే వెళ్ళి, వాకిట్లో ఆగి “ఓడీ” అని పిలువు, లోపలికి రావచ్చా అని అడిగే పిలుపు అది. లోపలికి రమ్మంటే కాసేపు కూర్చుని రా.

మీ మామయ్య