ఆ ఊపు పెడల్‌లో లేదండీ, కుడిచేతిలో ఉంది

రెండు కోరస్ పెడళ్లు (గిటార్ శబ్దాన్ని అలలా ఊపే, కాలితో నొక్కే పెట్టెలు) కొన్నా మీ గిటార్ శబ్దం రాక్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ గిటార్‌లా ఊగడం లేదన్నారు. దయచేసి మూడోది కొనకండి.

షీల్డ్స్ న్యూయార్క్‌లో పుట్టాడు, పదేళ్లప్పుడు డబ్లిన్ వచ్చాడు. 1983లో అక్కడే ఆయన బ్యాండ్ మై బ్లడీ వాలెంటైన్ మొదలైంది. తొలి పాటల్లో ఈ శబ్దమే వినిపించదు. 1988లో ఎవరిదో ఫెండర్ జాజ్‌మాస్టర్ గిటార్ అరువు తెచ్చుకున్నాకే కథ మారింది. ట్రెమొలో కడ్డీని (తీగల బిగువు మార్చడానికి గిటార్‌కి ఉండే కడ్డీ) చేత్తో పట్టుకునే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) వాయించేవాడు. చెయ్యి ఆడినప్పుడల్లా కడ్డీ కాస్త కదులుతుంది, తీగలు వదులై మళ్లీ బిగుస్తాయి, శ్రుతి జారి వెనక్కొస్తుంది. మీరు విన్న ఊపు అదే.

కడ్డీని అరచేతిలో వదులుగా ఉంచుకుని, ఒకే కార్డ్ నెమ్మదిగా కొట్టండి. నొక్కొద్దు, చేతి బరువు చాలు. నేను మొదట్లో గట్టిగా నొక్కి, పాట సగంలోనే శ్రుతంతా పోగొట్టుకునేవాణ్ణి. మీది స్ట్రాటోక్యాస్టర్ అన్నారుగా, బ్రిడ్జ్ (తీగల్ని మోసే లోహపు భాగం) బాడీకి అతుక్కుని ఉంటే వెనక స్ప్రింగుల స్క్రూలు కొద్దిగా వదులు చేసి, మళ్లీ శ్రుతి చేసుకోండి.

రివర్బ్ (ప్రతిధ్వని) కావాలంటే రివర్స్ రివర్బ్, అంటే తిరగేసినట్టు మోగే ప్రతిధ్వని, పెట్టండి. షీల్డ్స్ యమహా ఎస్‌పీఎక్స్90 అనే ఎఫెక్ట్స్ యంత్రంలో వాడింది అదే. మామూలు రివర్బ్‌తో బాత్రూంలో వాయించినట్టే ఉంటుంది. ఒక్క వారంలో రాలేదని టెన్షన్ పడకండి, 1991 నాటి ఆల్బమ్‌కి ఆయనకే దాదాపు రెండేళ్లు పట్టింది.

కోరస్ పెడళ్లు రెండూ అమ్మేయండి.