లాట్‌లో తాడు ఎప్పుడు కట్టాలంటే

చి.ల.సౌ. సుధకి, పెద్దన్నయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో "జూలైలో డ్రమ్ కోర్ షోకి లాట్ డ్యూటీ నాకే అంటగట్టారు అన్నయ్యా" అని నువ్వు ఏడుపు గొంతుతో అంటుంటే నవ్వొచ్చింది. డ్రమ్ కోర్ అంటే డ్రమ్ములు, ఇత్తడి బూరలు వాయిస్తూ మైదానంలో కవాతు చేసే కుర్రాళ్ళ బృందం. లాట్ డ్యూటీ అంటే వాళ్ళు పార్కింగ్ లాట్‌లో వార్మప్ చేసేటప్పుడు చుట్టూ చేరే జనాన్ని అదుపులో ఉంచడం, అంతేగా! టెక్సాస్ ఎండలో పదకొండు వేసవులు నేను చేసిన పని అదే. మా వాడు కోర్‌లో ఉన్న మూడేళ్ళూ చేశాను. వాడు కోర్ వయోపరిమితి దాటి బయటికొచ్చాక కూడా మానలేక ఇంకో ఎనిమిదేళ్ళు చేశాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

అక్కడికొచ్చే జనం గొడవ చేసే రకం కాదు, ముందు ఆ భయం తీసెయ్. స్టేడియంలో ఒక్కో కోర్ ఆట పది, పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. అంతకు ముందు పార్కింగ్ లాట్‌లో గంటసేపు జరిగే వార్మప్పే చాలామందికి అసలు పండగ. స్నేర్ డ్రమ్ములు, టెనర్ డ్రమ్ములు, అయిదు సైజుల బాస్ డ్రమ్ములు వరసగా నిలబడి వాయిస్తుంటే మూడడుగుల దూరంలో నిలబడి చూడొచ్చు. హైస్కూల్ డ్రమ్మర్లు దీనికోసమే వందల మైళ్ళు కారేసుకుని వస్తారు. ఎవరూ ఎవర్నీ నెట్టరు. ఒక్కొక్కరూ ఒక్క అడుగు ముందుకేస్తారు, అంతే. అందరూ అదే ఒక్క అడుగు వేసేసరికి టెనర్ల అబ్బాయి మోచేతికి ఎవరిదో ఫోను తగులుతుంది.

తాడు పడాల్సింది జనం వచ్చాక కాదు, రాకముందు. ఖాళీ తారు మీద సుద్దముక్కతో గీత గీస్తే ఆ గీతని అందరూ మన్నిస్తారు. రెండొందల మంది చేరాక అదే గీత గియ్యబోతే నీ చెయ్యే తొక్కుతారు. డ్రమ్ముల ఇన్‌స్ట్రక్టర్ రాగానే వెళ్ళి "వెనక్కి ఎంత జాగా కావాలి?" అని అడుగు. అతను లైనుకి ఎదురుగా నిలబడి వింటూ వింటూ వెనక్కి నడుస్తాడు, చూసుకోడు. అతను చెప్పినదానికి రెట్టింపు వదులు. తాళానికి టిక్కు టిక్కుమనే మెట్రోనోమ్ స్పీకర్ ముందు ఎవర్నీ నిలబడనివ్వకు. ఆ టిక్కు వినపడకపోతే లైనంతా తప్పుతుంది, చూసేవాళ్ళకి మాత్రం ఎందుకు తప్పిందో తెలీదు.

గుండ్రంగా మూసుకుపోయిన గుంపుని మాత్రం ఎప్పుడూ నమ్మకు. ఒక ఏడాది చాలా అందంగా చుట్టూ టేపు కట్టేశాను, నా పనితనానికి నేనే మురిసిపోయాను. గేటు దగ్గరికి వెళ్ళాల్సిన టైముకి డ్రమ్‌లైను కదిలింది. బయటికి దారేదీ? లైను నా టేపు ముందు ఆగిపోయింది. టేపు తెంపుదామంటే జేబులో కత్తెర లేదు, పళ్ళతో కొరికాను. పిల్లలు నవ్వు ఆపుకోలేక పెదాలు బిగబట్టుకున్నారు. గేటు టైము నిమిషాల లెక్క, ఆలస్యానికి పెనాల్టీ ఉంటుంది. ఈ పోటీలు నడిపే డీసీఐ (డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్) 2008 ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్ అనే కోర్ బ్లూ డెవిల్స్ అనే కోర్ మీద గెలిచింది 0.025 పాయింట్లతో. అంత సన్నని చోట మన టేపు ముక్క వల్ల ఎవరి పాయింటూ పోకూడదు. లైను ఎటు నుంచి బయటికెళ్తుందో ముందే అడిగి ఆ వైపు తెరిచే ఉంచు. ఇద్దరు మనుషుల్ని అక్కడ నిలబెట్టు, పెద్ద గొంతు ఉన్నవాళ్ళని.

ఫ్రంట్ ఎన్సెంబుల్ బళ్ళు, అంటే మైదానం ముందు పెట్టి వాయించే పెద్ద వాద్యాల బళ్ళు, కదిలేటప్పుడు నాకెప్పుడూ మన జగ్గన్నతోట ప్రభల తీర్థమే గుర్తొస్తుంది. కనుమ నాడు ప్రభ వస్తుంటే మోసేవాళ్ళకి పక్కన ఏముందో కనపడదు. ముందు నడిచేవాడు దారి చూపించాల్సిందే. మరింబా (చెక్కపలకల పెద్ద వాద్యం) బండి తోసే పిల్లదీ అంతే, ఎదురుగా ఏముందో దానికి కనపడదు. నీ కూతురు ఈ ఏడాది తొయ్యబోయేది ఆ బండే కదా! ఆ చక్రం కింద ఎవరి పాదమైనా పడితే ఆ వేసవికి వాళ్ళ నడక అయిపోయినట్టే. బళ్ళకి ఇరవై అడుగుల ముందు ఒక మనిషి నడవాలి. చేతులు చాపి, జనం మొహాల్లోకి చూస్తూ నడవాలి, ఫోను చూసుకుంటూ కాదు. ప్రభ మోసేవాళ్ళలా "శరభ శరభ" అనక్కర్లేదు గానీ ఆ స్థాయిలో అరిచినా తప్పులేదు.

అందరూ మర్చిపోయేది కలర్ గార్డ్‌ని, అంటే జెండాలు, చెక్క రైఫిళ్ళు తిప్పే పిల్లల్ని. జనం కళ్ళన్నీ డ్రమ్ముల మీదే ఉంటాయి. ఫోటోలో లైనంతా పట్టాలని వెనక్కి వెనక్కి నడుస్తారు. ఆ వెనకాలే గార్డ్ పిల్లలు చెక్క రైఫిళ్ళు ఆకాశంలోకి విసురుతుంటారు. విసిరిన పిల్ల కళ్ళు పైనుంటాయి, కింద ఎవరొచ్చారో చూడదు. గార్డ్ చుట్టూ డ్రమ్ముల కంటే ఎక్కువ జాగా వదులు.

ఇక పిల్లల సంగతి. యూనిఫాం వేసుకున్న పిల్లల్ని పలకరించకు, మనవాళ్ళైనా సరే. మొదటి ఏడాది మీ వదిన స్టీలు డబ్బాలో పులిహోర పట్టుకొచ్చింది. మా వాడు వార్మప్‌కి వెళ్తూ వరసలో ఉన్నాడు, క్రీము రంగు యూనిఫాం. "ఒక్క ముద్ద తినరా" అంటూ పక్కనే నడిచింది. వాడు తల తిప్పలేదు, రెప్ప వెయ్యలేదు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈ లోపు ఎవరో తగిలి డబ్బా ఒరిగితే నాలుగు మెతుకులు వాడి చేతిమీద పడ్డాయి. మోచెయ్యి దగ్గర పసుపు మరక ఆ సీజనంతా ఉండిపోయింది. రాత్రి ఆట అయ్యి బట్టలు మార్చుకున్నాక వాడే వచ్చి డబ్బా ఊడ్చి తిన్నాడు. నీ కూతురు కూడా నీ వంక చూడదు. బాధపడకు, అది పొగరు కాదు.

ఇంకో కోర్ దారిలో ఎదురైతే మన పిల్లలు పక్కకి జరిగి నిశ్శబ్దంగా దారి ఇవ్వాలి. ఆట అయ్యాక స్టాండ్స్‌లో కూచుని మిగతా వాళ్ళకీ చప్పట్లు కొట్టాలి. చాలామంది ఇది చెప్పకుండానే చేస్తారు. ఎవడైనా చెయ్యకపోతే, ప్రేక్షకుల మీద నోరు పారేసుకుంటే, నువ్వు మందలించకు. వాడు నిన్న రాత్రి బస్సులో కూచునే నిద్రపోయాడు, పొద్దున స్కూలు జిమ్ నేల మీద రెండు గంటలు నడుం వాల్చాడు, ఆపైన ఎండలో రిహార్సల్ చేసొచ్చాడు. వాళ్ళ కోర్ స్టాఫ్‌కి చెప్పు, వాళ్ళే చూసుకుంటారు. నీ దగ్గర జరిగింది, టైము, చోటు, ఒక కాగితం మీద రాసి ఉంచుకో.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. పిల్లలు ట్రక్కుల పక్కనే బట్టలు మార్చుకుంటారు. అక్కడికి ప్రేక్షకులెవరూ వెళ్ళకూడదు, ఫోటోలు అస్సలు తియ్యకూడదు. "మా అమ్మాయే" అని చెప్పినవాణ్ణి కూడా ఆపు. వీళ్ళలో పదహారేళ్ళ వాళ్ళున్నారు. బాధ్యతల్లో ఉన్న పెద్దలే తప్పుగా ప్రవర్తించారని 2018లో పత్రికల్లో కథనాలొచ్చాక డీసీఐ నిబంధనలు బిగించింది. నువ్వు కూడా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకు. దెబ్బ తగిలిన పిల్లని ఫస్ట్ ఎయిడ్‌కి తీసుకెళ్ళినా ఇంకొకర్ని వెంట పెట్టుకో. నీ మీద నమ్మకం లేక కాదు. అందరికీ ఒకటే పద్ధతి ఉంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

స్టాండ్స్ పని నీది కాదు గానీ, ఎవరైనా అడిగితే ఒక్కటే జవాబు: కోర్ ఆడుతుండగా ఎవరూ మెట్ల దారిలో నడవరు, గేటు దగ్గరే ఆగాలి. నాచోస్ చల్లారిపోతున్నాయని నీ మీద విసుక్కుంటారు. విసుక్కోనీ.

మీది పైకప్పు లేని స్టేడియం కాబట్టి మెరుపు సంగతి చెప్పకుండా ఉండలేను. ఉరుము వినపడిందా, అంతా ఆగుతుంది. ఆఖరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు గడిస్తేగానీ మళ్ళీ మొదలవదు, మధ్యలో ఇంకోటి ఉరిమితే గడియారం మళ్ళీ సున్నా నుంచి. పిల్లలు బస్సుల్లోకి, జనం కార్లలోకి. ఒకసారి నేను జనాన్ని తూర్పు గేటు గుండా బయటికి పంపుతున్నాను, అదే గేటు గుండా ఒక కోర్ లోపలి నుంచి బస్సుల వైపు పరిగెత్తుతోంది. మధ్యలో ట్యూబా బూరల పెద్ద మూతులు, చంటిపిల్లల బళ్ళు. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. నువ్వు ముందే వెళ్ళి రెండు గేట్లు చూసుకో. ఒకటి జనానికి, ఒకటి కోర్‌లకి. వాలంటీర్లందరికీ చూపించు, చెప్పి వదిలెయ్యకు, తీసుకెళ్ళి చూపించు.

చెవులకి ప్లగ్గులు తెచ్చుకో, నాలుగు జతలు అదనంగా. పక్కన ఎవరిదో చంటిపిల్ల తప్పకుండా ఉంటుంది. బూట్లు పాతవే వేసుకో.

నేను శుక్రవారం రాత్రికి వచ్చేస్తాను. తాడు, సుద్దముక్కలు, కత్తెర నా కారు డిక్కీలోనే ఉన్నాయి, నువ్వు కొనకు. పిన్నికి నమస్కారాలని చెప్పు. పులిహోర మాత్రం ఈసారి ఆట అయ్యాకే తెరవమని మీ వదినకి చెప్పాను. వింటుందో లేదో.

మీ పెద్దన్నయ్య