ముత్తాతగారి నాటాల్ కాగితాలు

ప్రశ్న: మా అమ్మగారి తాతగారు 1890ల చివరలో కూలి ఒప్పందం మీద మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్ళారు. మా ఊరి నుంచి సముద్రం దాటిన మొదటి మనిషి ఆయనే. 1912లో తిరిగి వచ్చేటప్పుడు ఆయన తెచ్చుకున్న రేకు పెట్టెలో ఇంగ్లీషు ఫారాలు, 3 పౌన్ల రసీదులు, తెలుగు ఉత్తరాల కట్ట, ఒక ఫొటో ఉన్నాయి. కొన్ని కాగితాలు మడతల దగ్గర చిరుగుతున్నాయి. వాటిని లామినేషన్ చేయించి, నాలుగు వాటాలుగా పంచుకుందామని మా వాళ్ళు అంటున్నారు. అలా చేయవచ్చునా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: రెండు పనులూ చేయవద్దు. లామినేషన్‌లో వేడికి కరిగిన జిగురు కాగితపు పోగుల్లోకి దిగిపోతుంది. తర్వాత దానిని విడదీయాలంటే కాగితమే పోతుంది. పాత కాగితాలకు చెదల తర్వాత అంతటి శత్రువు వీధి చివరి లామినేషన్ దుకాణమేనని నా అభిప్రాయం. చిరుగుల మీద ప్లాస్టిక్ టేపు అంటించడం కూడా అటువంటిదే, ఎందుకంటే కొన్నేళ్ళకు టేపు ఊడిపోయినా దాని పసుపుపచ్చని జిడ్డు కాగితంలోనే మిగిలిపోతుంది.

ఆ కాలపు దస్తావేజులలో చాలావాటిని మాచికాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసిన సిరాతో రాసేవారు. ఆ సిరాకు ఆమ్లగుణం ఉన్నందువల్ల తేమ తగిలిన కొద్దీ అక్షరాలున్న చోటనే కాగితం పెళుసెక్కి చిల్లులు పడుతుంది. కనుక తడిగుడ్డతో తుడవడం, ఎండలో ఆరబెట్టడం వంటివి చేయక, పొడి చేతులతో మడతలు నెమ్మదిగా విప్పి, తుప్పు పట్టిన గుండుసూదులను కాగితం చిరగకుండా వస్తేనే తీసి, ఒక్కొక్క కాగితాన్ని ఆమ్లం లేని కాగితపు కవరులో పరచి ఉంచండి. మడత విప్పుతుంటే విరిగేటట్లుంటే అక్కడితో ఆపి, కాగితాల మరమ్మతు తెలిసినవారికి చూపించండి. పి.వి.సి. ప్లాస్టిక్ కవర్లూ, వార్తాపత్రికలూ పనికిరావు. కవర్లన్నిటినీ కలిపి చుట్టడానికి మన పెద్దలు తాళపత్రాలకు వాడినట్లుగా ఉతికిన నూలుబట్ట వాడవచ్చును గాని, గంజి వాసనకు పురుగు చేరుతుంది కాబట్టి ఆ బట్టకు గంజి పెట్టకూడదు. ఫొటోను విడిగా ఉంచండి. పెట్టెను బయటి గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా, గాలి ఆడే లోపలి గదిలో పెట్టి, వానాకాలం వెళ్ళగానే ఒకసారి తెరిచి చూడండి.

ఇక పంపకం సంగతి. ఈ కాగితాలు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 వరకు నాటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన సుమారు 1,52,000 మందిలో ప్రతి ఒక్కరికీ అక్కడి ప్రభుత్వం ఒక నంబరు ఇచ్చింది. ఓడ జాబితాలో ఆ నంబరు పక్కనే పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఒంటి మీది గుర్తులు రాసుకునేవారు. మీ ఫారాలలో ఆ నంబరు ఉండే అవకాశం ఎక్కువ కనుక ముందుగా దానికోసం చూడండి. తెలుగు పేర్లను దొరల కచేరీ గుమాస్తాలు తమ చెవికి సోకినట్లు రాసుకున్నారు కాబట్టి పేరుతో వెతికితే దొరకని మనిషి నంబరుతో దొరుకుతాడు. ఆ 3 పౌన్ల రసీదులు మామూలు చెల్లింపులు కావు. ఒప్పందం ముగిశాక తిరిగి వెళ్ళకుండా, మళ్ళీ ఒప్పందానికి ఒడంబడకుండా అక్కడే నిలిచిన కూలీల మీద 1895 నాటి చట్టం వేసిన ఏటేటి పన్ను అది. గాంధీగారు నడిపిన సత్యాగ్రహం తర్వాత 1914లో గాని అది రద్దు కాలేదు. రసీదు ఒక ఇంటికి, ఫారం మరొక ఇంటికి వెళ్ళాయంటే మూడో తరానికి అది ఎవరి రసీదో చెప్పగలిగేవారు ఉండరు.

కాబట్టి అసలు కాగితాలన్నీ ఒకరి దగ్గరే, దొరికిన వరుస చెడకుండా ఉండాలి. అన్నిటినీ, ఖాళీగా కనిపించే వెనుక వైపులతో సహా, 600 డి.పి.ఐ.లో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించి తలా ఒక ప్రతి తీసుకోండి. ఏ కవరులో ఏమున్నదో ఒక జాబితా రాసి నలుగురూ సంతకాలు చేస్తే రేపు మాట పట్టింపులు రావు. కవరు మీద రాసేది పెన్సిలుతోనే, అదీ కాగితం లోపల పెట్టకముందే రాయండి. ఫొటోలో ఉన్నవారిని గుర్తుపట్టగల పెద్దవారు ఇంట్లో ఉంటే స్కానింగు కంటే ముందు వారిని కూర్చోబెట్టి చెప్పించుకోండి, ఎందుకంటే స్కానింగు వచ్చే నెలలోనైనా చేయించవచ్చు.

డర్బన్‌లోని క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలో ఉన్న గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ కేంద్రం ఈ కూలీల చరిత్రను సేకరిస్తోంది. నంబరు దొరికితే ఆ కేంద్రానికి రాయండి. ఆనాడు మీ బొబ్బిలి ఉన్న విశాఖపట్నం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది కనుక ఇటువైపు వలస వ్యవహారాల దస్త్రాలకు చెన్నైలోని తమిళనాడు ప్రభుత్వ అభిలేఖాగారాన్ని ఆశ్రయించాలి. కాగితాలను ఏదైనా సంస్థకు ఇచ్చివేయాలనుకుంటే, కుటుంబానికి ప్రతులు ఇవ్వడం, చూడదలచినవారిని అనుమతించడం వంటి షరతులను ముందే రాతపూర్వకంగా కుదుర్చుకోండి. తెలుగు ఉత్తరాలలో ఇంటి గొడవల ప్రస్తావన ఉంటే వాటిని కొన్నేళ్ళపాటు బయటపెట్టవద్దని అడిగే హక్కు కూడా మీకుంటుంది.