బనియన్ ఎవరి మాట?

సందేహం: లండన్ మ్యూజియంలోని ఒక పూల అంగీ ఫొటో కింద 'బన్యన్' అని ఉంది. ఒక వ్యాసంలో దాన్ని 'మర్రి గౌను' అని తెలుగు చేశారు. సరైనదేనా? మనం తొడుక్కునే బనియనుకూ దీనికీ సంబంధం ఉందా?

సమాధానం: బనియనుతో సంబంధం ఉంది, మర్రితో లేదు. ఇంగ్లీషులో మర్రిచెట్టునూ 'బన్యన్' అంటారు, ఆ 'మర్రి' అక్కడిదే. నిఘంటువులో మొదటి అర్థం కంటపడగానే పుస్తకం మూసేయడం ఈనాటి అనువాదకులకు అలవాటైపోయింది. రెండో అర్థం దాకా చూడటానికి ఎంతసేపు పడుతుంది?

సంస్కృత 'వణిజ్' గుజరాతీలో 'వాణియో' అయింది. వంగం బంగాళమైనట్టే ఇక్కడా వకారం బకారమై, పోర్చుగీసువారి నోట 'బనియన్'గా స్థిరపడింది. అంటే షావుకారు. 17, 18 శతాబ్దాల్లో ఐరోపా మగవారు ఇంటిపట్టున బిగుతు కోటు విప్పేసి వదులు అంగీ తొడుక్కునేవారు. అది మన షావుకార్ల ఉడుపులా ఉందని దానికీ ఆ పేరే పెట్టారు. నిజానికి దాని తీరు జపాను కిమోనోది. జపాను సైనిక పాలకుడైన షోగను దర్శనానికి వెళ్లిన డచ్ కంపెనీవారికి కానుకగా దక్కిన కిమోనోల మీద హాలండులో మోజు పుట్టింది. అవి కొద్దిగానే దొరికేవి. అందుకని అదే తీరు అంగీలకు కోరమాండల్ తీరంలో నూలుగుడ్డ మీద అద్దకం వేయించుకున్నారు. పేరు గుజరాతుది, తీరు జపానుది, గుడ్డా, అద్దకానికి వాడే చిరివేరు ఎరుపూ మన తీరానివి! ఆ గుడ్డను 'చింట్జ్' అని రాసేవారికి 'చీటిగుడ్డ' అనే మాట ఎందుకు గుర్తురాదో!

లండనులో డైరీకి పేరుపొందిన సామ్యూల్ పెపిస్ 1661 జులై 1న 34 షిల్లింగులు పెట్టి ఇలాంటిది కొన్నాడు. డైరీలో 'ఇండియన్ గౌను' అనే రాసుకున్నాడు, బన్యన్ అనలేదు. 1666లో చిత్రపటానికి కూర్చోవడానికి మరొకటి అద్దెకు తెచ్చుకున్నాడు. ఆ పటం నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఇప్పటికీ ఉంది.

గుజరాతీ వర్తకులు పర్షియా తీరాన నీడకు చేరిన మర్రిచెట్టుకూ వారి పేరే వచ్చింది. మన దేశంలోని ఇంగ్లీషువారు లోపల తొడుక్కునే పలుచని చొక్కాను అదే మాటతో పిలిచారు. మన బనియను అదే. దాన్ని పరాయి మాటని వెలివేసి 'లోచొక్కా' రాయమనేవారితో నేను ఏకీభవించను.

మీ ఫొటోలోనిది 'అద్దకపు నిలువుటంగీ' అనవచ్చు. పట్టు బన్యన్‌లూ ఉన్నాయి కనుక ఈ పేరు అన్నిటికీ సరిపోదు. 'బన్యన్ అంగీ' అన్నా తప్పు పట్టను.